తెలుగు టైటిల్ యానిమేషన్‌లో ఒత్తులు విడిపోకుండా

అడోబీ వాళ్ల యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో తెలుగు టైటిల్‌ను ఒక్కో అక్షరంగా కదిలిస్తే ఒత్తులు విడిపోయి చికాకు పెడతాయి. ‘స్వాగతం’లో ‘సా’ ముందొచ్చి, వ-ఒత్తు తర్వాత తీరిగ్గా దిగుతుంది.

టైటిల్‌ను ముందు అడోబీ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఇలస్ట్రేటర్‌లో టైప్ చేయండి. కంట్రోల్+షిఫ్ట్+ఓ కొడితే అక్షరాలు బొమ్మలుగా మారతాయి. కంట్రోల్+షిఫ్ట్+జీతో విడదీసి, ప్రతి అక్షరాన్నీ దాని ఒత్తుతో కలిపి కంట్రోల్+జీతో గ్రూప్ చేయండి. లేయర్స్ ప్యానెల్ మెనూలో ‘రిలీజ్ టు లేయర్స్ (సీక్వెన్స్)’ నొక్కి, వచ్చిన లేయర్లను పెద్ద లేయర్ లోంచి బయటికి లాగండి. చాలామంది మర్చిపోయేది ఇదే, లాగకపోతే అంతా ఒకే ముద్దగా వస్తుంది. ఫైల్‌ను ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోకి ‘కంపోజిషన్’గా తెచ్చుకుని, ఒక్కో లేయర్‌ను టైమ్‌లైన్‌లో 3 ఫ్రేముల తేడాతో జరిపితే చాలు. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో అది చూడ్డానికి బాగుంటుంది.

బొమ్మగా మారాక అక్షరదోషం దిద్దలేం, కాబట్టి టెక్స్ట్ కాపీ ఒకటి పక్కన ఉంచుకోండి. పెద్ద పేరాలకైతే ఇంత శ్రమ దండగ. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోనే టెక్స్ట్ యానిమేటర్ రేంజ్ సెలెక్టర్‌లో, అడ్వాన్స్‌డ్ కింద ‘బేస్డ్ ఆన్’ను ‘వర్డ్స్’కి మార్చి, పదం పదంగా కదిలించండి.