సోలార్‌తో పాటు బ్యాటరీ పెట్టాలంటే అనుమతులు ఎలా తెచ్చుకోవాలి?

"పర్మిషన్ వచ్చేసింది" అని ఎవరైనా చెబితే ముందు అడగాల్సిన ప్రశ్న: ఏ పర్మిషన్? ఆ భూమిలో కట్టుకోవచ్చని ఒకరు చెప్పాలి. తయారైన కరెంటును గ్రిడ్‌లోకి పంపొచ్చని ఇంకొకరు, దాన్ని అమ్ముకోవచ్చని మరొకరు చెప్పాలి. ఈ ముగ్గురిలో ఒకరి సంతకం ఇంకొకరి దగ్గర పనికిరాదు. దేశం మారితే ఆఫీసుల పేర్లు మారతాయి కానీ ఈ మూడు గుమ్మాలూ దాదాపు అంతటా ఉంటాయి.

ఇంటి పైకప్పు మీద నాలుగు ప్యానెళ్లు పెట్టుకునేవాళ్లకు ఇంత తతంగం ఉండదు. చాలా చోట్ల కొన్ని కొలతలకు లోబడి పెడితే ప్రత్యేకంగా కట్టడం అనుమతి అడగరు, కనెక్షన్ దరఖాస్తు పెడితే చాలు. ఈ వ్యాసం నేల మీద ప్లాంటు, దాని పక్కన బ్యాటరీ కంటైనర్లు పెట్టాలనుకునేవారి కోసం.

మొదటి అడుగు: రెండు అంకెలు రాసుకోండి

బ్యాటరీ సైజు చెప్పడానికి రెండు లెక్కలు ఉన్నాయి. ఒకేసారి ఎంత కరెంటు ఇవ్వగలదో మెగావాట్లలో చెబుతారు, మొత్తం ఎంత దాచగలదో మెగావాట్ అవర్లలో చెబుతారు. 50 మెగావాట్ల బ్యాటరీ పూర్తి వేగంతో రెండు గంటలు నడిస్తే అది 100 మెగావాట్ అవర్ల బ్యాటరీ. దరఖాస్తులో ఒక పేజీలో 50 అని, ఇంకో పేజీలో 100 అని యూనిట్ లేకుండా రాస్తే చదివే అధికారికి అనుమానం మొదలవుతుంది. ఏ అనుమతి ఎవరివ్వాలన్నది సాధారణంగా మెగావాట్ల మీద ఆధారపడుతుంది. అగ్నిమాపక శాఖవాళ్లు మాత్రం మెగావాట్ అవర్లు కూడా అడుగుతారు, ఎందుకంటే తగలబడితే తగలబడేది అదే.

రెండో అడుగు: భూమి కంటే ముందు సబ్‌స్టేషన్

చాలామంది మంచి పొలం దొరికిందని లీజు రాయించుకుని, ఆ తర్వాత కనెక్షన్ గురించి అడుగుతారు. ఇది తలకిందుల పని. దగ్గర్లోని సబ్‌స్టేషన్‌లో ఖాళీ లేకపోతే ఆ భూమి ఎంత చదునుగా ఉన్నా, ఎండ ఎంత కాసినా లాభం లేదు. బ్రిటన్‌లో కనెక్షన్ కోసం ఎదురుచూస్తున్న ప్రాజెక్టుల వరుస ఒక దశలో 700 గిగావాట్లు (గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు) దాటింది. ముందు వచ్చినవాడికి ముందు అన్న పద్ధతి వల్ల కాగితం మీద మాత్రమే ఉన్న ప్రాజెక్టులు కూడా ఏళ్ల తరబడి చోటు పట్టుకుని కూర్చున్నాయి. అందుకే 2025లో ఆ పద్ధతి మార్చి, నిజంగా సిద్ధంగా ఉండి, దేశానికి అవసరమైన ప్రాజెక్టులను ముందుకు తెచ్చారు. అలా సిద్ధంగా ఉన్నామని చూపడంలో భూమి హక్కు కూడా భాగమే. కాబట్టి ముందు సబ్‌స్టేషన్‌లో ఖాళీ ఉందో లేదో కనుక్కోండి, ఆ తర్వాతే లీజు, అది కూడా "అనుమతులు వస్తేనే అమలు" అన్న షరతుతో.

బ్యాటరీ ఉంటే ఇంకో మెలిక ఉంది. అది కరెంటు ఇవ్వడమే కాదు, తీసుకుంటుంది కూడా. గ్రిడ్ దరఖాస్తులో రెండు వైపులా సామర్థ్యం అడగాలి. పంపడానికి మాత్రమే అడిగి తీసుకోవడానికి అడగకపోతే, సోలార్ లేని వేళ బ్యాటరీని గ్రిడ్ నుంచి నింపుకోలేరు.

ప్లాంటు నుంచి సబ్‌స్టేషన్ దాకా లైన్ ఎవరి భూముల మీదుగా పోతుందో కూడా ఇప్పుడే గీసుకోండి. ప్లాంటుకు అనుమతి ఉండి, మధ్యలో ఒక్క పొలం యజమాని దారి ఇవ్వక ఆగిపోతే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

మూడో అడుగు: చట్టం బ్యాటరీని ఏమంటుందో చూడండి

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే భాగం ఇదే. పాత విద్యుత్ చట్టాలు రాసినప్పుడు ఉత్పత్తి చేసేవాళ్లు, మోసుకెళ్లేవాళ్లు, పంచేవాళ్లు, వాడుకునేవాళ్లు మాత్రమే ఉన్నారు. బ్యాటరీ ఇందులో ఎవరు? నింపుకునేటప్పుడు వినియోగదారులా, ఇచ్చేటప్పుడు ఉత్పత్తిదారులా కనిపిస్తుంది. దాంతో ఒకే కరెంటుకు రెండుసార్లు చార్జీలు పడిన సందర్భాలున్నాయి.

తర్వాత ఒక్కో చోట ఒక్కో రకంగా సర్దుకున్నారు. బ్రిటన్ 2023 ఎనర్జీ చట్టంలో విద్యుత్ నిల్వను, అంటే బ్యాటరీల్లాంటి వాటిని, ఉత్పత్తిలో ఒక రకంగా చేర్చింది. యూరోపియన్ యూనియన్ 2019లో నిల్వకు విడిగా నిర్వచనం ఇచ్చి, కరెంటు లైన్లు నడిపే నెట్‌వర్క్ కంపెనీలు కొన్ని మినహాయింపులు తప్ప నిల్వ కేంద్రాలను సొంతం చేసుకోకూడదంది. భారత్‌లో 2003 విద్యుత్ చట్టం ఏడో సెక్షన్ ప్రకారం ఉత్పత్తికి లైసెన్స్ అక్కర్లేదు. 2022 డిసెంబరు చివర్లో వచ్చిన సవరణ నిబంధనలు నిల్వను విద్యుత్ వ్యవస్థలో భాగంగా గుర్తించి, విడిగా పెట్టుకునే బ్యాటరీకీ లైసెన్స్ అక్కర్లేదని చెప్పాయి. మీరున్న చోట సమాధానం ఏదైతే దాని మీదే మీ లైసెన్సూ, చార్జీలూ, అమ్మకం ఒప్పందమూ ఆధారపడతాయి. ఈ ఒక్క విషయానికి లాయర్ ఫీజు ఇవ్వడం దండగ కాదు.

నాలుగో అడుగు: ఏ ఆఫీసు గుమ్మం?

పెద్ద ప్రాజెక్టులు కేంద్రానికి, చిన్నవి స్థానిక సంస్థకు వెళ్లడం మామూలు. ఆ గీత ఎక్కడుందో తాజాగా చూసుకోవాలి, ఎందుకంటే అది కదులుతుంది. ఇంగ్లండ్‌లో సోలార్‌కు 50 మెగావాట్లుగా ఉన్న గీతను 2025 చివర్లో 100కు పెంచారు. బ్యాటరీలనైతే 2020లోనే కేంద్రం దగ్గరికి వెళ్లే ఆ పద్ధతి నుంచి తీసేసి, ఎంత పెద్దవైనా స్థానిక ప్లానింగ్ అధికారులకే వదిలారు. రెండేళ్ల కిందటి సలహా పట్టుకుని వెళ్తే తప్పు గుమ్మం ముందు నిలబడతారు.

ఐదో అడుగు: ఫైలు సిద్ధం చేయడం

దరఖాస్తు పెట్టకముందే అధికారులతో, ఫైర్ సర్వీసుతో, చుట్టుపక్కల వాళ్లతో మాట్లాడండి. బ్యాటరీ అనగానే జనం అడిగేది మంటల గురించే, ఆ భయం ఊరికే పుట్టలేదు. 2019 ఏప్రిల్‌లో అమెరికాలోని అరిజోనాలో ఒక బ్యాటరీ కేంద్రంలో సెల్స్ నుంచి వెలువడిన వాయువులు లోపల పేరుకున్నాయి. ఫైర్ సిబ్బంది తలుపు తీశాక పేలి, నలుగురికి తీవ్ర గాయాలయ్యాయి. 2025 జనవరిలో కాలిఫోర్నియాలోని మాస్ ల్యాండింగ్‌లో పెద్ద మంటలు చెలరేగి చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు. అక్కడ బ్యాటరీలు ఒక పాత భవనం లోపల ఉన్నాయి. ఇప్పుడు విడివిడి కంటైనర్లు, మధ్యలో ఖాళీ, వాయువు పసిగట్టే సెన్సర్లు, వాయువు బయటికిపోయే దారులు అడగడం వెనుక ఈ అనుభవాలున్నాయి.

అందుకని ఫైలులో ఇవి స్పష్టంగా ఉండాలి: సెల్ ఏ రకం, కంటైనర్ల మధ్య దూరం ఎంత, ఫైరింజన్ రెండు వైపుల నుంచి రాగలదా, నీళ్లు ఎక్కడివి, మంటలార్పిన నీళ్లు వాగులోకో బావిలోకో పోకుండా ఎక్కడ ఆపుతారు. చివరిది చాలామంది మర్చిపోతారు. బ్యాటరీ కేంద్రాల అగ్ని భద్రతకు అమెరికా పెట్టుకున్న ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 855ను, ఒక సెల్‌లో మొదలైన మంట ఎలా వ్యాపిస్తుందో చూసే యూఎల్ 9540ఏ పరీక్ష నివేదికను ఇతర దేశాల్లోనూ అడుగుతుంటారు. సరఫరాదారు దగ్గర ఆ నివేదిక ముందే తీసుకోండి.

తర్వాత చప్పుడు. కూలింగ్ ఫ్యాన్లు, ఇన్వర్టర్లు రాత్రిపూట కూడా మోగుతాయి. పగటి చప్పుడుతో కొలిచి నివేదిక ఇస్తే పొరుగువారే దాన్ని కొట్టిపారేస్తారు, రాత్రి నిశ్శబ్దంతో పోల్చి కొలిపించండి.

పక్షులు, చెట్ల సర్వే సీజన్ చూసి చేయాలి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. బట్టమేక పిట్టను కాపాడటానికి 2021లో భారత సుప్రీంకోర్టు రాజస్థాన్, గుజరాత్‌లలో దాని ఆవాసాల మీదుగా పోయే విద్యుత్ లైన్లను వీలైన చోట భూమిలోంచి వేయమంది. 2024లో ఆ ఆదేశాన్ని సడలించే దాకా ఆ ప్రాంతంలోని సోలార్, విండ్ ప్రాజెక్టులన్నీ దాన్ని చూసుకుంటూ నడవాల్సి వచ్చింది.

ఆరో అడుగు: అనుమతి పత్రం చివరి పేజీ దాకా చదవండి

ఆమోదం అన్న మాట మొదటి పేజీలో ఉంటుంది, అసలు పని షరతుల్లో ఉంటుంది. పని మొదలుపెట్టకముందు తీర్చాల్సినవి ఏవి, నడుపుతున్నంత కాలం పాటించాల్సినవి ఏవి, చివర్లో అన్నీ విప్పేసి నేలను మామూలుగా చేయడానికి డిపాజిట్ ఎంత అన్నది విడివిడిగా రాసుకోండి. గడువులు కూడా. ఇంగ్లండ్‌లో మామూలుగా మూడేళ్లలో పని మొదలుపెట్టకపోతే అనుమతి చెల్లదు. తిరస్కరిస్తే అప్పీలుకు సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. తిరస్కరణ కారణాలు ఒకటి రెండే అయితే డిజైన్ మార్చి మళ్లీ పెట్టడం అప్పీలు కంటే త్వరగా తేలవచ్చు.

ఇంకొక్కటి. అనుమతి వచ్చేలోపు మీరు చూపించిన బ్యాటరీ మోడల్ మార్కెట్‌లో ఉండకపోవచ్చు. కొత్త కంటైనర్ ఎత్తు పెరిగినా, ఫ్యాన్ల చప్పుడు మారినా, సెల్ రకం వేరైనా అది అనుమతి పొందిన డ్రాయింగులతో సరిపోలదు. ఆర్డర్ పెట్టకముందే సవరణ దరఖాస్తు వేయండి. ముందుగానే "ఇంత ఎత్తుకు, ఇంత చప్పుడుకు మించదు" అని హద్దులు పెట్టి అనుమతి తీసుకుంటే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది.