ఆస్ట్రేలియా పీఆర్ ఉందిగా అని టికెట్ కొనేముందు ఆ తేదీ చూసుకోండి

పీఆర్, అంటే శాశ్వత నివాస వీసా, వచ్చిందంటే ఇక జీవితాంతం ఢోకా లేదని మా ఊళ్లో అందరూ అనుకుంటారు. నేనూ అదే అనుకున్నా. అందులో రెండు సంగతులున్నాయని నాకు చెన్నై ఎయిర్‌పోర్ట్‌లో తెలిసింది. ఆస్ట్రేలియాలో ఉండే హక్కుకు గడువు లేదు. బయటికెళ్లి మళ్లీ లోపలికి రావడానికిచ్చే అనుమతికి మాత్రం గడువుంది, మామూలుగా వీసా గ్రాంట్ అయిన రోజు నుంచి ఐదేళ్లు. మీరు మొదటిసారి అక్కడ అడుగుపెట్టిన రోజు నుంచి కాదు, గ్రాంట్ రోజు నుంచి. చాలామంది ఇక్కడే పొరబడతారు.

నాది కోవూరు. 2023 సంక్రాంతికి ఇంటికొచ్చా, ఫిబ్రవరి మొదటి వారంలో తిరుగు ప్రయాణం. ఈలోపు నాన్న మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్, ఫిజియోథెరపీ, డేటు మార్చి మార్చి టికెట్ మార్చిలో పడింది. నా ఐదేళ్లు ఫిబ్రవరిలోనే అయిపోయాయని తట్టనే లేదు. కౌంటర్లో అమ్మాయి పాస్‌పోర్ట్ స్కాన్ చేసి, మళ్లీ చేసి, నంబర్ చేత్తో కొట్టి, "సర్, సిస్టమ్ ఓకే చెప్పట్లేదు" అంది. గ్రాంట్ లెటర్ తీసి చూపించా. ఫలానా తేదీ తర్వాత రాకూడదని అందులో రాసున్న లైను మీద ఆ అమ్మాయే వేలు పెట్టింది. ఐదేళ్లు ఫైల్లో పెట్టుకుని తిరిగిన కాగితం, ఒక్కసారి కూడా కిందిదాకా చదవలేదు. నైలాన్ తాడు కట్టిన అట్టపెట్టెలు మళ్లీ కారెక్కించి, తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట దాటి ఇల్లు చేరేసరికి తెల్లారింది. అమ్మ వాకిట్లో ముగ్గేస్తా "ఏంది అబ్బయా, అప్పుడే వచ్చేస్తివి?" అంది.

దీనికి మందు రెసిడెంట్ రిటర్న్ వీసా, వాడుకలో ఆర్‌ఆర్‌వీ. 155, 157 అని రెండు సబ్‌క్లాసులు. మీకు ఏది పడుతుందో తేలాలంటే ముందు వీవో అనే ఆస్ట్రేలియా ప్రభుత్వ సైట్‌లోకి వెళ్లి, పాస్‌పోర్ట్ నంబర్, గ్రాంట్ నంబర్ కొట్టి, ఏ తేదీలోపు తిరిగి అడుగుపెట్టాలో చూసుకోండి. పైసా ఖర్చు లేదు. మీరిప్పుడు ఆస్ట్రేలియాలోనే ఉండి ఆ తేదీ దాటిపోయినా టెన్షన్ పడొద్దు, దేశం దాటనంతవరకు పీఆర్ అలాగే ఉంటుంది. ప్రయాణం అనుకున్నప్పుడు, బయల్దేరకముందే ఆర్‌ఆర్‌వీ తీసుకుంటే సరిపోతుంది. మీరు బయట ఉండగా ఆ తేదీ దాటితేనే వీసా ఆగిపోతుంది. అప్పుడు కూడా దారి మూసుకుపోదు, ఇండియా నుంచే ఆర్‌ఆర్‌వీకి అప్లై చేయొచ్చు.

ఇక రోజుల లెక్క. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి వెనక్కి ఐదేళ్లు తీసుకుని, అందులో పీఆర్‌గా ఆస్ట్రేలియాలో రెండేళ్లు, అంటే 730 రోజులు ఉన్నారా అని చూస్తారు. వరసగా ఉండక్కర్లేదు, మొత్తం కలిపితే చాలు. స్టూడెంట్ వీసా మీద ఉన్న రోజులు లెక్కలోకి రావు. ఈ లెక్క తెచ్చే చిక్కేంటంటే, మీరు ఇండియాలో కూర్చున్న కొద్దీ పాత రోజులు వెనకనుంచి జారిపోతుంటాయి. 2019 చివర్లో పీఆర్ వచ్చినాయన 2020 జనవరి మొదలు 2022 జనవరి ఆఖరుదాకా అక్కడుండి ఒంగోలు వచ్చేశాడనుకోండి. 25 నెలలు. 2024 డిసెంబర్లో అప్లై చేస్తే మొత్తం లెక్కకొస్తాయి, ఐదేళ్ల వీసా చేతికొస్తుంది. "పండగ కానీ, ఆ తర్వాత చూద్దాంలే" అని 2025 మార్చిదాకా ఆగితే, లెక్క 2020 మార్చి నుంచి మొదలవుతుంది కాబట్టి మిగిలేది 23 నెలలే. ఎప్పుడు వెళ్లారో, వచ్చారో గుర్తు లేకపోతే అక్కడి హోం అఫైర్స్ శాఖను మీ రాకపోకల రికార్డు అడగండి, ఇస్తారు.

730 దాటితే పని సులువు. ఆస్ట్రేలియా వీసా దరఖాస్తులు పెట్టే ఇమ్మిఅకౌంట్ అనే సైట్‌లో లాగిన్ అయి, 155 ఎంచుకుని, పాస్‌పోర్ట్ స్కాన్, ప్రయాణాల వివరాలు పెట్టి ఫీజు కట్టడమే. ఫీజు 500 ఆస్ట్రేలియా డాలర్లకు అటూ ఇటూ ఉంటుంది, సాధారణంగా జులై 1న పెరుగుతుంది. ఇంటిల్లిపాదికీ ఒకే దరఖాస్తు కుదరదు, ఎవరిది వాళ్లదే, ఎవరి ఫీజు వాళ్లదే. అమ్మ పెట్టిన కాఫీ తాగి నేను అప్లై చేస్తే మర్నాటికి గ్రాంట్ మెయిల్ వచ్చింది. వాడని టికెట్ డబ్బులు మాత్రం రాలేదు. కొత్త ఐదేళ్లు గ్రాంట్ రోజు నుంచే మొదలవుతాయి, పాత గడువులో మిగిలింది కలవదు, కాబట్టి మరీ ముందుగా కూడా ఎగబడొద్దు.

730 లేకపోతేనే అసలు కథ. మా బావమరిదిది కందుకూరు. పీఆర్ వచ్చాక పది రోజులు మెల్‌బోర్న్ చూసి, తిరిగొచ్చి రొయ్యల చెరువుల్లో పడ్డాడు. నాలుగున్నరేళ్లకు గుర్తొచ్చింది. ఇలాంటి వాళ్లకు నేను చెప్పేది ఒకటే, ఆ తేదీ ఇంకా దాటకపోతే ఏ ఆర్‌ఆర్‌వీ అక్కర్లేదు, ముందు ఫ్లైట్ ఎక్కేయండి, అక్కడే రెండేళ్లు కదలకుండా ఉండండి, అప్పుడు ఐదేళ్లది మీదే. తేదీ దాటిపోతే ఆస్ట్రేలియాతో గట్టి సంబంధం ఉందని చూపించాలి. ఉద్యోగం, వ్యాపారం, కుటుంబం, సాంస్కృతిక బంధం, వీటిలో ఏదైనా సరే, అది ఆ దేశానికీ మేలు చేసేదై ఉండాలి. అక్కడి కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్, అక్కడ పౌరులైన భార్యాబిడ్డలు, ఇలాంటివి బలంగా నిలుస్తాయి. బ్యాంకు ఖాతాలో నాలుగు డాలర్లున్నాయంటే ఎవరూ వినరు. ఒప్పుకుంటే 12 నెలల దాకా ఇస్తారు. ఐదేళ్లకు పైగా ఒక్కసారీ వెళ్లకపోతే, ఎందుకు వెళ్లలేకపోయారో కూడా బలమైన కారణం చెప్పాలి. ఆస్పత్రి డిశ్చార్జ్ సమ్మరీలు, మరణ ధ్రువపత్రాలు జాగ్రత్త చేసుకోండి, తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం జతచేయండి.

157 అత్యవసరాలకు. గత ఐదేళ్లలో కనీసం ఒక్క రోజైనా పీఆర్‌గా అక్కడుండి, దేశం దాటడానికి కాదనలేని, మానవత్వంతో చూడాల్సిన కారణం ఉంటే ఇస్తారు. మూడు నెలలే.

ఏజెంట్ల మాటకొస్తే, 730 దాటినవాళ్లకు ఏజెంటే అక్కర్లేదు. నెల్లూరులో ఒకాయన ఈ ఫారం నింపడానికి నా స్నేహితుడి దగ్గర యాభై వేలు అడిగాడు, ఫీజు కాకుండా! కేసు చిక్కుగా ఉంటే మాత్రం సలహా తీసుకోండి, ఆస్ట్రేలియాలో రిజిస్టరైన ఏజెంటేనా అని ఆన్‌లైన్ జాబితాలో నంబర్ కొట్టి చూసుకున్నాకే.

సిటిజన్‌షిప్ తీసుకుంటే ఈ గొడవే ఉండదు కదా అంటారు. నిజమే, కానీ ఇండియా పాస్‌పోర్ట్ వదులుకోవాలి. పొలం పోతుందేమో అని భయపడే వాళ్లకు ఒక మాట, వారసత్వంగా వచ్చిన పొలం ఓసీఐ (వేరే దేశ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు) ఉన్నా ఉంచుకోవచ్చు. కొత్తగా సాగుభూమి కొనడం ఓసీఐలకే కాదు, ఇండియా పాస్‌పోర్ట్ ఉన్న ఎన్‌ఆర్‌ఐలకూ కుదరదు.

ఇంకొకటి, సెలవుల్లో ఇంటికొచ్చి పాస్‌పోర్ట్ రెన్యూవల్ చేయించుకునే వాళ్లు వినండి. ఆస్ట్రేలియా వీసాకు స్టిక్కర్ ఉండదు, పాస్‌పోర్ట్ నంబర్‌కే ముడిపడి ఉంటుంది. కొత్త నంబర్ రాగానే ఇమ్మిఅకౌంట్‌లో మార్చండి. ఆ తర్వాత వీవోలో కొత్త నంబర్ కొట్టి వీసా కనిపిస్తోందో లేదో చూసుకునే చెన్నైకి కారు మాట్లాడుకోండి.