గుండె దడ, ఊపిరాడకపోవడం, చచ్చిపోతానన్న భయం: ప్యానిక్ జబ్బును ఊరి పీహెచ్‌సీలోనే గుర్తించి నయం చేసుకోవడం ఎలా?

"ఏటో అయిపోతంది బాబూ, గుండె దడదడలాడిపోతంది, పేణం పోతాది." శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పీహెచ్‌సీ గుమ్మంలో ఈ మాట తరచూ వినబడుతుంది. ఈసీజీ తీస్తారు, బీపీ చూస్తారు, గ్యాస్ మాత్ర రాస్తారు. "అంతా నార్మల్, నీకేమీ లేదు" అని పంపేస్తారు. వారం తిరక్కుండా అదే మనిషి మళ్లీ వస్తారు. మాటల్లో తప్పిందల్లా ఆ చివరి మాటే. గుండెకు ఏమీ లేకపోవచ్చు గానీ మనిషికి జబ్బుంది. దాని పేరు ప్యానిక్ డిజార్డర్. దానికి మంచి వైద్యముంది, చాలామందికి ఆ వైద్యం పీహెచ్‌సీలోనే అందించవచ్చు.

1. ముందు గుండెపోటు కాదని తేల్చుకోండి

ఛాతీ మీద బండ పెట్టినట్టు బరువు, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకే నొప్పి, నడిస్తే పెరిగి కూర్చుంటే తగ్గే ఆయాసం ఉంటే భయమా జబ్బా అని తర్కించకుండా 108కి ఫోన్ చేయండి. స్పృహ తప్పినా, ఒక పక్క చెయ్యి కాలు పడిపోయినా, వేలికి పెట్టే మీటరులో ఆక్సిజన్ 94 కన్నా తగ్గినా అంతే. ఆసుపత్రికి చేరిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. మొదటి ఈసీజీ బాగున్నంత మాత్రాన గుండెపోటు లేదని చెప్పలేం. నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయాలి, గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ రక్త పరీక్ష చేయించాలి.

40 దాటినవాళ్లు, షుగరు, బీపీ ఉన్నవాళ్లు, పొగ తాగేవాళ్ల విషయంలో తొందరపడి "భయమే" అనకండి. మన తీరంలో అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లున్నారు. "పొగ తాగుతారా?" అని మగవాళ్లనే అడిగి ఊరుకుంటే ఆ ముప్పు లెక్కలోకే రాదు. జీవితంలో మొదటిసారి దడ 45 ఏళ్లు దాటాక వచ్చిందంటే ఒంట్లో ఇంకేదైనా జబ్బుందేమోనని మరింత గట్టిగా వెతకాలి.

2. దడ వచ్చిన తీరు అడగండి

ప్యానిక్ ఉన్నపాటున వస్తుంది, 10 నిమిషాల్లోపే తారస్థాయికి చేరుతుంది, సాధారణంగా అరగంటలో దిగిపోతుంది. దడ, చెమటలు, వణుకు, ఊపిరాడకపోవడం, గొంతు పట్టేయడం, ఛాతీ నొప్పి, కడుపులో తిప్పడం, తల తిరగడం, ఒళ్లు వేడెక్కడం లేదా చలి, తిమ్మిర్లు, చుట్టూ ఉన్నది నిజం కాదనిపించడం, పిచ్చెక్కిపోతుందేమోనన్న భయం, చచ్చిపోతానన్న భయం. వీటిలో నాలుగైనా కలిసి రావాలి.

మూతి చుట్టూ తిమ్మిరెక్కి చేతివేళ్లు కొంకర్లు పోతే ఇంట్లోవాళ్లు మూర్ఛ అనుకుని చేతిలో తాళాలు పెడతారు. వేగంగా ఊపిరి తీసి వదలడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి అలా అవుతుంది. ఊపిరి నెమ్మదిస్తే వేళ్లు వాటంతటవే విచ్చుకుంటాయి.

ఒక్కసారి దడ వచ్చినంత మాత్రాన అది జబ్బు కాదు. ఏ కారణమూ లేకుండా పదేపదే రావాలి. ఆ తర్వాత నెల రోజులైనా మళ్లీ వస్తుందేమోనన్న బెంగ వెంటాడాలి, లేదా ఆ భయంతో బతుకు తీరు మారిపోవాలి. ఇది తెలియడానికి ఒక ప్రశ్న చాలు: "దీనికి భయపడి ఏయే పనులు మానేశారు?" బస్సెక్కడం, సంతకెళ్లడం, ఇంట్లో ఒంటరిగా పడుకోవడం మానేశామంటే సగం జవాబు దొరికినట్టే.

3. పరీక్షలు కొన్నే చేయించండి, అక్కడితో ఆపండి

ఈసీజీ, హిమోగ్లోబిన్, షుగరు, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్. చాలామందికి ఇవి సరిపోతాయి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు, అంటే కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల వాళ్లకు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, దాంతో పాటు పొటాషియం కూడా తప్పక చూడాలి. కిడ్నీ దెబ్బతిని పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, అది ప్రాణాంతకం. దడ వచ్చినప్పుడు నాడి 150 దాటి, స్విచ్ వేసినట్టు మొదలై స్విచ్ తీసినట్టు ఆగిపోతే గుండె కరెంటులో లోపం ఉండొచ్చు. దడ ఉండగానే ఈసీజీ తీయించాలి.

ఆయాసానికి వాడే సాల్బుటమాల్, డెరిఫిలిన్ దడ పుట్టిస్తాయి. రోజూ తాగే సారా మానేసిన రెండు మూడు రోజుల్లో వచ్చే వణుకూ దడా సారా మానినందువల్ల వచ్చినవి. దాని వైద్యం వేరు. ఈ ప్రశ్నలు అడగడానికి పైసా ఖర్చు కాదు.

ఇవన్నీ బాగుంటే ధైర్యం కోసమంటూ నెలకో ఎకో (గుండె స్కాన్), టీఎంటీ (నడిపించి తీసే ఈసీజీ) చేయించుకోవద్దు. ప్రతి కొత్త పరీక్షా "ఏదో ఉందనే కదా చేస్తున్నారు" అనే అనుమానాన్ని పెంచుతుంది.

4. జబ్బును పేరు పెట్టి చెప్పండి

"మీ గుండె బాగుంది. వచ్చిన బాధ నిజమే, మీరు నటించట్లేదు. ప్రమాదం లేకపోయినా ఒళ్లు ప్రమాదం వచ్చిందనుకుని గంట కొట్టేస్తోంది. దీన్ని ప్యానిక్ అంటారు, నయమవుతుంది." డాక్టరైనా, ఏఎన్‌ఎం అయినా, ఆశా అయినా ఇదే మాట చెప్పాలి. ఒకరు గ్యాస్ అని, ఇంకొకరు గాలి సోకిందని అంటే వైద్యం నిలబడదు.

5. దడ వచ్చినప్పుడు

కూర్చోబెట్టండి, చుట్టూ మూగినవాళ్లను పంపించండి. ముక్కుతో నాలుగంకెల సేపు ఊపిరి తీసుకుని, ఆరంకెల సేపు నెమ్మదిగా వదలమనండి. అయిదు నిమిషాలు అలా చేయించండి. బలంగా, లోతుగా పీల్చమనకండి, తిమ్మిర్లు పెరుగుతాయి. కాగితం సంచిలో ఊపిరి తీయించడం పాత అలవాటు. ఉబ్బసమో గుండెపోటో ఉంటే అది ప్రాణం మీదికి తెస్తుంది.

6. మాత్రలు: ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు

డాక్టరు రాయాల్సినవి సెర్ట్రలిన్ లేదా ఎస్సిటలోప్రామ్. మామూలు డిప్రెషన్‌కు ఇచ్చే మోతాదులో సగంతో మొదలుపెట్టాలి: సెర్ట్రలిన్ 25 మిల్లీగ్రాములు, వారం తర్వాత 50. ఎస్సిటలోప్రామ్ అయితే 5, తర్వాత 10. పొద్దున్న టిఫిన్ తిన్నాక వేసుకోవాలి. మొదటి వారం పదిరోజులు కడుపులో తిప్పడం, కంగారు కాస్త పెరగడం ఉండొచ్చు. ఈ సంగతి ముందే చెప్పకపోతే "మాత్ర పడలేదు" అని మూడోరోజే ఆపేస్తారు. వైద్యం విఫలమయ్యే కారణాల్లో ఇదొకటి. గుణం 2 నుంచి 4 వారాల్లో మొదలవుతుంది, పూర్తిగా తెలియడానికి 12 వారాలు పట్టొచ్చు. తగ్గాక కూడా 6 నుంచి 12 నెలలు వాడి, డాక్టరు చెప్పినట్టు వారాల తరబడి మెల్లగా తగ్గించుకుంటూ ఆపాలి.

మాత్ర రాసే ముందు డాక్టరుకు కొన్ని చెప్పాలి: గర్భం, కిడ్నీ జబ్బు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, ఎప్పుడైనా నిద్ర లేకుండా విపరీతమైన ఉత్సాహంతో గడిపిన రోజులు. 25 ఏళ్ల లోపువాళ్లలో మొదటి వారాల్లో చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయేమో ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి.

అల్ప్రాజోలామ్ విషయంలో మేం గట్టిగానే చెబుతాం. మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఆ చిన్న మాత్ర గంటలోపే హాయినిస్తుంది. గుణం దిగగానే దడ మళ్లీ ఎక్కుతుంది, క్రమంగా ఒక మాత్ర రెండవుతుంది. మద్యంతో కలిస్తే ఊపిరి ఆగిపోగలదు. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

7. మానేసిన పనులను మెట్టు మెట్టుగా మొదలుపెట్టండి

మాత్ర దడను తగ్గిస్తుంది. భయాన్ని తగ్గించేది ఈ సాధన. నెల్లిమర్లలో ఉంటూ బస్సెక్కడం మానేసినవాళ్లనుకోండి. మొదట బస్టాపులో 15 నిమిషాలు నిలబడాలి. తర్వాత తోడుతో ఒక్క స్టాపు దూరం, ఆపైన తోడుతో విజయనగరం దాకా, తర్వాత ఒంటరిగా. ఆ తర్వాత గంటస్తంభం దగ్గర రద్దీలో అరగంట. పైడితల్లి జాతరలో సిరిమానోత్సవం జనంలోకి వెళ్లడం ఆఖరి మెట్టు.

సూత్రం ఒకటే: దడ వచ్చినా వెంటనే పారిపోకుండా, అది సగానికి తగ్గేదాకా అక్కడే ఉండాలి. మధ్యలో దిగిపోతే "దిగాను కాబట్టి బతికాను" అని మనసు నేర్చుకుంటుంది. వారానికి నాలుగైదు సార్లు చేయాలి. తోడొచ్చే భర్తో కొడుకో ఎప్పటికీ తోడుగానే ఉండిపోతే, అలవాటుగా జేబులో నీళ్ల సీసా, మాత్ర పెట్టుకు తిరిగితే సాధన అక్కడే ఆగిపోతుంది.

8. ఎప్పుడు పెద్దాసుపత్రికి?

చనిపోవాలన్న ఆలోచన, మద్యం అలవాటు, 12 వారాలు సరైన మోతాదు వాడినా తగ్గకపోవడం. వీటిలో ఏదున్నా శ్రీకాకుళం లేదా విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించాలి. టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ, తెలుగులో, ఉచితంగా మాట్లాడతారు.

మందు మొదలుపెట్టాక మొదటి వారం ఫోన్లోనైనా పలకరించాలి, రెండో వారం, నాలుగో వారం తప్పక చూడాలి. గుజరాత్ రేవులకు చేపల వేటకు వెళ్లేవాళ్లు, చెన్నై, హైదరాబాదు పనులకు వెళ్లేవాళ్లు మందు అసలు పేరు (కంపెనీ పెట్టిన పేరు కాదు), మోతాదు, మొదలుపెట్టిన తేదీ, బాగున్న ఈసీజీ ఫొటో ఫోన్లో ఉంచుకోవాలి. మాత్రలు అయిపోవడానికి వారం ముందే అక్కడి ప్రభుత్వాసుపత్రిలో ఆ వివరాలు చూపించి తీసుకోవాలి.