రాస్ప్‌బెర్రీ పై 4ను టీవీకి కలిపాక వచ్చే సమస్యలు, పరిష్కారాలు

ఇది పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో లిబ్రెఎలెక్ (కోడీని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకుని, కోడీ అనే ప్లేయర్‌లో సినిమాలు చూసేవారి కోసం. ఏ సమస్య వచ్చినా సెట్టింగుల జోలికి పోకముందే పవర్ చూడండి. చాలా తలనొప్పులు అక్కడే తేలిపోతాయి.

బొమ్మ ఆగి ఆగి వస్తోంది, తెర మూలన మెరుపు గుర్తు పడుతోంది

బోర్డుకు అందే కరెంటు సుమారు 4.63 వోల్టుల కన్నా కిందికి పడిపోయింది. అప్పుడు ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఫోన్ చార్జర్ మీద 3 ఆంపియర్లని రాసి ఉన్నా సరే, సన్నటి పొడుగు కేబుల్లోనే కొంత వోల్టేజీ పోతుంది. టీవీ వెనక యూఎస్‌బీ పోర్టు నుంచి పవర్ తీసుకోవడమైతే శుద్ధ దండగ. 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే, కేబుల్ అతికే ఉన్న అడాప్టర్ కొనండి. మొదట్లో వచ్చిన పై 4 బోర్డులు కొన్ని ల్యాప్‌టాప్ చార్జర్ల ఈ-మార్క్డ్ (లోపల చిప్ ఉన్న) కేబుళ్లతో అసలు ఆన్ కావు; అది బోర్డు డిజైన్‌లో లోపం, మామూలు కేబుల్ పెడితే చాలు. ఇక హార్డ్ డిస్కు సంగతి: నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి దొరికేది 1.2 ఆంపియర్లే. డిస్కు టిక్కుటిక్కుమంటూ మాయమవుతుంటే సొంత అడాప్టర్ ఉన్న హబ్ పెట్టండి.

టీవీలో ‘నో సిగ్నల్’

ముందు కేబుల్‌ను పవర్ పోర్టు పక్కనున్న హెచ్‌డీఎంఐలోకి మార్చండి. 4కేలో 60 హెర్ట్జ్ కావాలన్నా ఆ పోర్టే దిక్కు.

కరెంటు పోయి వచ్చినప్పుడు మాత్రమే ఇలా అవుతోందంటే కారణం వేరు. పై వెంటనే లేస్తుంది, టీవీ స్టాండ్‌బైలో ఉండిపోతుంది. ఏ రిజల్యూషన్ పంపాలో చెప్పేవాళ్లు లేక బోర్డు బొమ్మ పంపదు. టీవీ ఆన్‌లో ఉండగా ఎస్‌ఎస్‌హెచ్‌లో (వేరే కంప్యూటర్ నుంచి కమాండ్లు ఇచ్చే దారి) ‘గెట్‌ఈడీఐడీ క్రియేట్’ (getedid create) కమాండ్ ఇచ్చి రీబూట్ చేయండి. టీవీ వివరాలు కార్డులో నిలిచిపోతాయి. టీవీ మార్చిన రోజు పాత వివరాలు డిలీట్ చేసి కమాండ్ మళ్లీ ఇవ్వాలి.

ఒక సినిమా బాగానే ఆడుతోంది, ఇంకోటి నత్తనడక

సినిమా ఆడుతుండగా కీబోర్డులో ‘ఓ’ (O) నొక్కితే కోడెక్ (వీడియోను కుదించిన పద్ధతి) కనిపిస్తుంది. పై 4 హార్డ్‌వేర్ 4కేను హెచ్.265లోనే విప్పగలదు. హెచ్.264 అయితే 1080పీ వరకే. 4కే హెచ్.264 ఫైలుకు ఏ సెట్టింగూ మందు కాదు, 1080పీ కాపీ చూసుకోండి.

ఆగకుండానే, కెమెరా పక్కకు తిరిగినప్పుడు మాత్రం కుదుపు కనిపిస్తే, 24 ఫ్రేముల సినిమా 60 హెర్ట్జ్‌లో పోతున్నట్టు. సెట్టింగ్స్‌లో ప్లేయర్, వీడియోస్ తెరిచి ‘అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్’ను ‘ఆన్ స్టార్ట్/స్టాప్’కు మార్చండి.

కొన్ని సినిమాలకే శబ్దం రావడం లేదు

టీవీకి డీటీఎస్ అనే శబ్దం ఫార్మాట్ అర్థం కావడం లేదు. సిస్టమ్, ఆడియోలో పాస్‌త్రూ (శబ్దాన్ని విప్పకుండా టీవీకే పంపడం) ఆపేయండి.

తెలుగు సబ్‌టైటిల్స్ డబ్బాలుగా వస్తున్నాయి

ఎంచుకున్న ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేవు. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ ఫైలును కోడీ ఫోల్డర్‌లోని మీడియా, దాని లోపలి ఫాంట్స్‌లో వేసి, సబ్‌టైటిల్ సెట్టింగుల్లో ఎంచుకోండి. డబ్బాలు కాక పిచ్చి గీతలు వస్తే ఫైలు ఎన్‌కోడింగ్ తేడా. నోట్‌ప్యాడ్‌లో తెరిచినప్పుడు తెలుగు సరిగ్గా కనిపిస్తే యూటీఎఫ్-8గా సేవ్ చేయండి.

డిస్కు పెట్టగానే వైఫై పోతోంది

యూఎస్‌బీ 3 రొద 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని చెడగొడుతుంది. 5 గిగాహెర్ట్జ్‌కు మారండి, లేదా డిస్కును నల్ల (యూఎస్‌బీ 2) పోర్టులో పెట్టండి. రౌటర్ దగ్గర్లో ఉంటే లాన్ కేబుల్ వేసేయడమే మేలు.