ఉద్యోగాలు మారుతున్నారా? పీఎఫ్ సర్వీసు జాగ్రత్త

మన విశాఖలో చేరినచోటే రిటైరయ్యే రోజులు తగ్గిపోయాయి. ఆటోనగర్‌లో వెల్డింగ్‌తో మొదలుపెట్టి, పరవాడ ఫార్మాలో నైట్ షిఫ్టులు చేసి, చివరికి మనసుకు నచ్చిన పని ఏ రుషికొండలోనో వెతుక్కున్నవాళ్లు మన చుట్టూ ఎందరో. అలా వెతుక్కోవడం తప్పేమీ కాదు, ఇష్టంలేని పనిలో మగ్గిపోవడం కన్నా ఎంతో నయం. కానీ మానేసిన ప్రతిసారీ పీఎఫ్ మొత్తం తీసేసుకోకండి, దయచేసి.

పీఎఫ్‌తో పాటు వచ్చే పెన్షన్‌కు 10 ఏళ్ల సర్వీసు కావాలి. నాలుగైదు చోట్ల చేసినదైనా సరే, అన్నీ ఒకే యూఏఎన్ (కంపెనీ మారినా మారని మీ పీఎఫ్ నంబరు) కింద కలిస్తే చాలు. పెన్షన్ వాటా కూడా తీసేసుకున్నారంటే ఆ ఏళ్లు లెక్కలోంచి పోయినట్టే. కొన్నాళ్లు సొంతంగా ఏదైనా చేద్దామనుకుంటే, ఆ వాటా ముట్టకుండా ఫారం 10సీ ద్వారా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోండి. మళ్లీ ఉద్యోగంలో చేరినప్పుడు పాత సర్వీసు కలుస్తుంది. 5 ఏళ్లు నిండకుండా డబ్బు తీస్తే పన్ను కూడా పడొచ్చు.

తీరిక చూసుకుని యూఏఎన్ పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ తెరవండి. పాత కంపెనీ ఎదురుగా ‘డేట్ ఆఫ్ ఎగ్జిట్’ ఖాళీగా ఉందేమో చూడండి, చాలామందికి పాత పీఎఫ్ ట్రాన్స్‌ఫర్ ఆగేది అక్కడే. దానికోసం పాత హెచ్‌ఆర్ చుట్టూ తిరగక్కర్లేదు. చివరి చందా పడి రెండు నెలలు దాటితే, ‘మేనేజ్’లో ‘మార్క్ ఎగ్జిట్’ నొక్కి తేదీ మీరే వేసుకోవచ్చు. ఓటీపీ ఆధార్‌కు లింకైన నంబరుకే వస్తుంది, ఆ ఫోను దగ్గర పెట్టుకుని కూర్చోండి.