కాగితం పూలు పూయవు, నూరు వరహాలు పాలిపోతాయి: ఏది ఎందుకు, ఏం చేయాలి

గేటుకు ఒక పక్క కాగితం పూల చెట్టు, ఇంకో పక్క నూరు వరహాలు. కొత్తగా కట్టిన ఇళ్ల ముందు తరచూ కనిపించే జంట ఇది. రెండూ ఎండకు తట్టుకుంటాయి, రెండూ నెలల తరబడి పూస్తాయి, కడియం నర్సరీలకు వెళ్తే రెండూ ఒకే చోట దొరుకుతాయి. అందుకే రెండింటికీ రోజూ ఒకే పైపు, నెలకోసారి ఒకే ఎరువు. ఏడాది తిరిగేసరికి మొదటిది ఆకులు తప్ప పూలు ఇవ్వదు, రెండోదానికి ఆకులు పసుపు తిరుగుతాయి. అడిగితే చాలామంది రెండింటికీ ఎరువు చాలలేదంటారు. ఎక్కువ ఇళ్లలో అసలు కారణం అది కాదు. కాగితం పూల చెట్టుకు సేవ ఎక్కువైంది, నూరు వరహాలకు సరిపడని మట్టి, సరిపడని నీళ్లు దొరికాయి.

కాగితం పూలు: గుబురుగా ఆకులు, పూలు మాత్రం లేవు

ముందు నెల చూసుకోండి. జులై, ఆగస్టుల్లో వానలు పడుతుంటే ఈ చెట్టు ఆకులేయడం మామూలే. మన దగ్గర దాని అసలు జోరు వానలు తగ్గాక మొదలై ఎండాకాలం దాకా నడుస్తుంది. డిసెంబరులో కూడా పూయలేదంటే అప్పుడు వెతకాలి.

మొదటి అనుమానం నీళ్ల మీద. ఈ చెట్టు దక్షిణ అమెరికాది. వేళ్లు కాస్త ఎండితేనే పూతకు వస్తుంది. హైవే డివైడర్ల మీద ఎవరూ పెద్దగా పట్టించుకోని చెట్లు విరగబూయడం, ఇంట్లో ముద్దుగా పెంచినది మొండికేయడం అందుకే. కుండీలో ఉంటే ఆకులు కొద్దిగా వాలే దాకా ఆగి, అప్పుడు అడుగు రంధ్రంలోంచి నీళ్లు కారేదాకా పోయండి. మళ్లీ ఆకు వాలే దాకా పైపు అటు తిప్పొద్దు. నేలలో పాతుకున్న పెద్ద చెట్టుకు మండు వేసవిలో తప్ప నీళ్ల అవసరం చాలా తక్కువ.

రెండోది ఎండ. రోజుకు కనీసం 5, 6 గంటలు సూటిగా ఎండ తగలాలి. పక్కింటి వాళ్లు పై అంతస్తు వేశాక పూత ఆగిపోయిందంటే ఏ మందూ పని చేయదు, చోటు మార్చాల్సిందే. మూడోది యూరియా, పచ్చి పేడ లాంటి నత్రజని ఎరువులు. అవి కొమ్మల్ని పొడుగ్గా సాగదీస్తాయి. వాటిని ఆపి, వానాకాలం చివర కొద్దిగా పొటాష్ ఇస్తే చాలు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా పూయకపోతే కుండీని ఒకసారి పక్కకు వంచి చూడండి. మట్టి నేల మీద పెట్టిన కుండీల్లో వేరు అడుగు రంధ్రంలోంచి దిగి కింద నేలలో పాతుకుపోతుంది. పైన మనం నీళ్లు ఆపినా కింద దానికి దొరుకుతూనే ఉంటాయి. ఆ వేరు కోసేసి కుండీని ఇటుకల మీద ఎత్తి పెట్టండి. వేరు లావుగా ఉంటే ఒక్కసారే కోయొద్దు. సగం కోసి, రెండు మూడు వారాలు ఆగి మిగతాది కోయండి.

కత్తిరింపు భయపడకుండా చేయాలి. పూత వచ్చేది కొత్త కొమ్మలకే. ఒక విడత పూలు రాలగానే కొమ్మల్ని మూడో వంతు తగ్గిస్తే, రెండు నెలల్లోపు మళ్లీ రంగు కనిపిస్తుంది. ముళ్లుంటాయి, మందపాటి గ్లవ్స్ వేసుకోండి.

కాగితం పూలు: ఉన్నట్టుండి ఆకులన్నీ రాలిపోయాయి

కొత్తగా తెచ్చిన మొక్క అయితే కంగారు పడక్కర్లేదు. దీని వేళ్లు సన్నవి, కదిలిస్తే అలుగుతాయి. నాటేటప్పుడు కవరు కోసి, మట్టిముద్ద విరగకుండా దించాలి. గోటితో కొమ్మ మీద కాస్త గీరి చూడండి. లోపల ఆకుపచ్చగా ఉంటే చెట్టు బతికే ఉంది. మట్టి తడిగా ఉండి కొమ్మలు చివరల నుంచి నల్లబడుతుంటే మాత్రం వేరు కుళ్లు. నీళ్లు ఆపి, ఇసుక కలిపిన మట్టిలోకి మార్చాలి.

ఒకే కొమ్మకు తెలుపు, గులాబీ రెండూ వస్తున్నాయని కొందరు టెన్షన్ పడతారు. మేరీ పామర్ రకం స్వభావమే అది. దాని నుంచే వచ్చిన తిమ్మ రకానికి ఆకుల మీద కూడా మచ్చలుంటాయి. ఆ రకంలో పూర్తి ఆకుపచ్చ కొమ్మ వస్తే మొదలంటా తీసేయండి, లేకపోతే అదే చెట్టంతా ఆక్రమిస్తుంది.

నూరు వరహాలు: లేత ఆకులు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ

ఈ మొక్కకు వచ్చే తంటాల్లో పెద్దది ఇదే. నూరు వరహాలు దక్షిణ భారతం, శ్రీలంకల సొంత మొక్క, కాఫీ కుటుంబానిది. మన మొక్కే కదా ఎలాగైనా బతుకుతుందిలే అనుకుంటాం. కానీ అది కోరేది కాస్త పులుపు గుణమున్న, ఆకు ఎరువు కలిసిన మట్టి. మనం నాటేది కాంపౌండ్ గోడ పక్కన, సిమెంటు పెళ్లలు, కంకర కలిసిన మట్టిలో. పోసేది కుండీ అంచున తెల్లటి చార కట్టే బోరు నీళ్లు. మట్టిలో సున్నం పెరిగితే ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. ఆ లోటు ముందు లేత ఆకులోనే బయటపడుతుంది.

అనుమానం తీరాలంటే పాదులోంచి పిడికెడు ఎండు మట్టి తీసి దాని మీద వెనిగర్ పోయండి. బుసబుసమని నురగ వస్తే సున్నం ఉన్నట్టే. రేగడి నేలల్లో చాలా చోట్ల ఇలాగే పొంగుతుంది.

తక్షణ వైద్యం అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం. వేరుశనగలో ఇనుము లోపానికి రైతులు కొట్టేదే. లీటరు నీటిలో ముందు 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), తర్వాత 5 గ్రాముల అన్నభేది కరిగించి, సాయంత్రం పూట ఆకులు రెండు వైపులా తడిసేలా కొట్టండి. ద్రావణం లేత ఆకుపచ్చగా ఉండాలి. తుప్పు రంగుకు తిరిగితే పారబోయండి, అది ఆకుకు పనికిరాదు. గచ్చు మీద, గోడ మీద పడితే మరక పోదు, పాత గోనెసంచి అడ్డం పెట్టుకోండి. పది రోజులకు మళ్లీ కొట్టాలి. ముందే పసుపు తిరిగిన ఆకు పూర్తిగా కోలుకోకపోవచ్చు. కొత్త చివురు పచ్చగా వచ్చిందా లేదా అన్నదే చూడాల్సింది.

అన్నభేదిని సున్నపు మట్టిలో చల్లితే పెద్దగా లాభం ఉండదు, త్వరలోనే తుప్పుగా మారిపోతుంది. తుప్పు మేకులు పాతిపెట్టడమూ అంతే. పాదులో వేయాలంటే ఈడీడీహెచ్ఏ (EDDHA) రకం ఇనుము అడగండి, అది సున్నం పట్టేయకుండా కాపు కట్టిన ఇనుము. ఖరీదు ఎక్కువే గాని సున్నంలోనూ పని చేస్తుంది. కోడిగుడ్డు పెంకులు మాత్రం ఈ మొక్క దగ్గరికి రానివ్వకండి, అవీ సున్నమే.

శాశ్వతంగా బాగుపడాలంటే మట్టి, నీళ్లు మారాలి. గోడకు రెండు మూడడుగుల దూరంలో గొయ్యి తీసి ఎర్రమట్టి, ఆకు ఎరువు, వర్మీకంపోస్ట్ నింపి నాటండి. కుండీ అయితే ఇంకా సులువు. వాన నీళ్లు, ఏసీ నీళ్లు ఈ మొక్కకు పట్టి పోయండి. ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీళ్లు మాత్రం వద్దు, వాటిలో ఉప్పులు బోరు నీళ్లకన్నా ఎక్కువ. కాగితం పూల చెట్టయితే వాటిని కొంత వరకు భరిస్తుంది.

పసుపు ముదురు ఆకుల్లో మొదలైతే ఇనుము కాదు, మెగ్నీషియం లోపమని అనుమానించాలి. ఎప్సమ్ సాల్ట్ లీటరుకు 5 గ్రాములు కలిపి కొట్టి చూడండి.

నూరు వరహాలు: ఆకులు బాగున్నా గుత్తులు లేవు

కంచెలా చదునుగా ఉండాలని నెలనెలా కత్తెర వేస్తే జరిగేది ఇదే. గుత్తి వచ్చేది కొమ్మ చివర. ఆ చివరనే కోసేస్తున్నాం. పూత అయ్యాక వాడిన గుత్తిని రెండాకులతో సహా తుంచితే చాలు, గట్టి కత్తిరింపు ఏడాదికి ఒక్కసారే. మొగ్గలు వచ్చి ఎండిపోతుంటే నీళ్లు చాలడం లేదు. కాగితం పూల చెట్టులా దీన్ని ఎండబెట్టకూడదు. వేసవిలో పాదులో ఎండుటాకులు పరిచి తేమ నిలపండి.

ఆకుల మీద నల్లటి మసి, కొమ్మల మీద చీమల బారు

రెండు మొక్కలకూ వస్తుంది, నూరు వరహాలకు కాస్త ఎక్కువ. మసిని తుడిచినా మళ్లీ వస్తుంది. ఆకు తిరగేసి చూస్తే పిండినల్లి, పొలుసు పురుగు, పేనుబంకల్లో ఏదో ఒకటి ఉంటుంది. అవి కార్చే తీపి జిగురు మీదే మసి పెరుగుతుంది, చీమలు వచ్చేదీ దానికే. గట్టిగా పట్టిన కొమ్మలు కోసి తీసేయండి. మిగతా వాటికి లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు నీళ్లు కలిపి వారానికోసారి మూడు వారాలు కొట్టండి. ఎండ దిగాకే కొట్టాలి, మధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది.