ఒక్క నోడ్ జరిపితే 8 బైట్లే కదలాలి

పెద్ద గ్రాఫ్‌ను (నోడ్లనే చుక్కలు, వాటిని కలిపే ఎడ్జ్‌లనే గీతలు) బ్రౌజర్‌లో చూపించడం ఒక ఎత్తు, దాన్ని మౌస్‌తో పట్టుకుని మార్చనివ్వడం ఒక ఎత్తు. నేను మొదట పేజీలో బొమ్మలు గీసే ఎస్‌వీజీతో గీశాను. నోడ్‌కో ఎలిమెంట్ అన్నమాట. కొన్ని వేల దాకా బాగానే నడిచింది, ఆ తర్వాత ట్యాబ్ బిగుసుకుపోయింది. లక్షల్లోకి వెళ్లాలంటే బ్రౌజర్ నుంచి గ్రాఫిక్స్ చిప్ (జీపీయూ)తో గీయించే వెబ్‌జీఎల్ 2 పట్టుకోండి.

సాధనకు స్టాన్‌ఫర్డ్ వాళ్ల స్నాప్ అనే గ్రాఫ్ డేటా సేకరణలోని అమెజాన్ గ్రాఫ్ మంచిది. జనం కలిపి కొనే వస్తువుల లంకెలు అందులో ఉంటాయి: 3,34,863 నోడ్లు, 9,25,872 ఎడ్జ్‌లు. ఫైల్లో నోడ్ నంబర్లు వరసగా ఉండవు. చదివేటప్పుడే 0 నుంచి కొత్త నంబర్లు వేసేయండి, లేకపోతే ముందు ముందు అన్నీ తిప్పలే. లేఅవుట్‌కు, అంటే ఏ నోడ్ ఎక్కడుండాలో తేల్చడానికి, ఫోర్స్‌అట్లాస్2 అనే అల్గారిథమ్ చాలు, కానీ దాన్ని పేజీ బిగుసుకోకుండా వెనక నడిచే వెబ్ వర్కర్‌లోనే నడపండి.

ఇప్పుడు అసలు కిటుకు. చాలామంది ప్రతి ఎడ్జ్‌కీ రెండు కొసల స్థానాలూ బఫర్‌లో (జీపీయూకి పంపే డేటా వరసలో) రాస్తారు. అలా రాస్తే వందల ఎడ్జ్‌లున్న నోడ్‌ను లాగినప్పుడు బఫర్‌లో వందల చోట్ల దిద్దాలి. దానికి బదులు స్థానాలన్నీ 600 వెడల్పున్న ఒక టెక్స్చర్‌లో (జీపీయూ చదివే బొమ్మలాంటి గళ్ల పట్టికలో) పెట్టండి, నోడ్‌కో పిక్సెల్. లక్షో నంబరు నోడ్ 166వ వరసలో 400వ గడిలో ఉంటుంది (లెక్క సున్నా నుంచే). ఎడ్జ్ బఫర్‌లో రెండు నోడ్ నంబర్లే ఉంటాయి, అంటే మొత్తం 7.4 ఎంబీ. వెర్టెక్స్ షేడర్ (ప్రతి కొస ఎక్కడ పడాలో జీపీయూలో లెక్కేసే చిన్న ప్రోగ్రామ్) ఆ నంబరుతో టెక్సెల్‌ఫెచ్ (ఒక పిక్సెల్ చదివే ఫంక్షన్) చేసి స్థానం తెచ్చుకుంటుంది. నోడ్ లాగినప్పుడు ఒక్క పిక్సెల్ మారిస్తే సరి, దాని ఎడ్జ్‌లన్నీ వెంటే వస్తాయి. ఎక్స్, వై రెండూ 4 బైట్ల సంఖ్యలు కాబట్టి ఆ ఒక్క పిక్సెల్ 8 బైట్లు. నా గ్రాఫ్ మొదటిసారి అలా కదిలినప్పుడు కలిగిన ఆనందం ఇంకా గుర్తుంది.

ఒక జాగ్రత్త: టెక్స్చర్ ఫిల్టర్‌ను (పిక్సెళ్లను ఎలా చదవాలో చెప్పే సెట్టింగ్‌ను) నియరెస్ట్‌కి మార్చడం మర్చిపోకండి. నేను మర్చిపోతే నోడ్లన్నీ మధ్యలో ఒకే చుక్కగా పడ్డాయి. షేడర్‌లో తప్పుందేమోనని పూట పూటంతా వెతికాను.

క్లిక్ ఏ నోడ్ మీద పడిందో తెలియడానికి నోడ్ నంబరునే రంగుగా మార్చి, తెరకు కనిపించని ఫ్రేమ్‌బఫర్‌లో గీయండి. మౌస్ కింది పిక్సెల్ చదివితే నంబరు దొరుకుతుంది. ఖాళీ చోటు సున్నా కావాలి కాబట్టి నంబరుకు 1 కలపండి, రంగులు కలిసిపోయే బ్లెండింగ్ ఆపేయండి. ఆ చదవడం జీపీయూ పని పూర్తయ్యేదాకా ఆగుతుంది, అందుకే మౌస్ కదిలిన ప్రతిసారీ కాకుండా నొక్కినప్పుడే చేయండి.

ఎడ్జ్ తీసేయాలంటే ఎడ్జ్‌ల అర్రేలో మిగతావన్నీ ముందుకు జరపకండి. చివరి ఎడ్జ్‌ను తెచ్చి ఆ ఖాళీలో పెట్టి, లెక్క ఒకటి తగ్గించండి. ఏ గడిలో ఏ ఎడ్జ్ ఉండేదో మార్పుల జాబితాలో రాసుకోండి. అన్‌డూకి ఆ జాబితాను వెనక నుంచి విప్పుకుంటూ రావాలి. సేవ్ చేసేటప్పుడు కూడా మొత్తం గ్రాఫ్ వద్దు, ఆ జాబితా ఒక్కటే బ్రౌజర్‌లోనే ఉండే డేటాబేస్ ఇండెక్స్‌డ్‌డీబీలో పెట్టండి. పేజీ మళ్లీ తెరిచినప్పుడు అసలు ఫైల్ మీద దాన్ని మొదటి నుంచి నడిపిస్తే మీరు చేసిన మార్పులన్నీ గ్రాఫ్‌లోకి వచ్చేస్తాయి.